పాప్ వార్నర్ అంటే ఎవరు? మా వాడి జెర్సీ మీద ఈ పేరు చూసి అడుగుతున్నాను

అమలాపురం_అమ్మాయి:
అందరికీ నమస్కారం. మేం న్యూజెర్సీలో ఉంటాం. మా బాబుకి తొమ్మిదేళ్లు. ఈ ఆగస్టులో ఫుట్‌బాల్‌లో చేరాడు. కాలితో తన్నే మన ఫుట్‌బాల్ కాదు, చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్. వాళ్ల నాన్నకి బొత్తిగా ఇష్టం లేదు. నాకేమో తలకి దెబ్బ తగులుతుందేమోనని ఒకటే టెన్షన్. వాడు రెండు నెలలు వెంటపడితే చివరికి సరేనన్నాం. చేర్చుకునేటప్పుడు డాక్టర్ సర్టిఫికెట్ అడిగారు, అది మామూలే. స్కూల్ రిపోర్ట్ కార్డు కూడా తెమ్మన్నారు. చదువు బాగా లేకపోతే ఆడనివ్వరట. ఆ మాట విన్నాక మా ఆయన కాస్త మెత్తబడ్డారు.

జెర్సీ మీద, కాగితాల మీద అన్నిచోట్లా "పాప్ వార్నర్" అని ఉంది. కంపెనీ పేరేమో అనుకున్నాను. ఒక మనిషి పేరని మా వాడే చెప్పాడు. ఆయన కోచ్ అట, చాలా పాతకాలం వాడట. ఇక్కడ ఆటల గురించి తెలిసినవాళ్లు ఉన్నారు కదా, కాస్త వివరంగా చెప్పండి. మా వాడికి రాత్రి పడుకునే ముందు చెప్పాలి.

పాతపేజీలు:
మంచి ప్రశ్న అడిగారమ్మా. నేను పిట్స్‌బర్గ్ వచ్చి ఇరవై రెండేళ్లయింది. ఇక్కడి యూనివర్సిటీకి ఆయన తొమ్మిది సీజన్లు కోచ్‌గా చేశాడు కాబట్టి ఆయన గురించి బాగానే చదివాను. తెలిసింది చెబుతాను.

అసలు పేరు గ్లెన్ స్కోబీ వార్నర్. 1871 ఏప్రిల్ 5న న్యూయార్క్ రాష్ట్రంలో స్ప్రింగ్‌విల్ అనే ఊళ్లో పుట్టాడు. మా వాళ్లందరికీ నచ్చే ముక్క ఒకటి చెబుతాను. ఇరవై ఒక్కేళ్ల వయసులో గుర్రప్పందేల్లో కాస్త డబ్బు గెలిచి, ఇంకా గెలుద్దామని బఫెలో అనే ఊరికి వెళ్లి ఉన్నదంతా పోగొట్టుకున్నాడు. ఇంటికి వెళ్లే మొహం లేదు. లా చదువుతాను, డబ్బు పంపమని వాళ్ల నాన్నకి ఉత్తరం రాశాడు. ఆ మాట నిలబెట్టుకోక తప్పక కోర్నెల్ యూనివర్సిటీలో చేరాడు. కాలేజీకి వెళ్లే రైల్లో కోర్నెల్ ఫుట్‌బాల్ కెప్టెన్ ఈయన ఆకారం చూసి, రేపు ప్రాక్టీస్‌కి రమ్మన్నాడు. అప్పటికి ఆ ఆట ఎలా ఆడతారో కూడా ఈయనకి తెలియదు. తోటి ఆటగాళ్లకంటే వయసులో పెద్దవాడు కాబట్టి "పాప్" అన్నారు. మనం క్లాసులో పెద్ద వయసు వాణ్ణి "తాతా" అని పిలిచినట్టు. ఆ పేరే నిలిచిపోయింది.

1894లో లా పట్టా చేతికొచ్చింది. కొన్నాళ్లు వకీలు పని చేశాడు. 1895లో ఒకే ఏడాది రెండు కాలేజీలకు కోచ్‌గా కుదిరాడు: అయోవాలోని వ్యవసాయ కాలేజీకి సీజన్ మొదట్లో, ఆ తర్వాత జార్జియా యూనివర్సిటీకి. అక్కణ్ణుంచి 1938 దాకా 44 సీజన్లు ఆగకుండా కోచింగ్. జార్జియా, కోర్నెల్, కార్లైల్, మళ్లీ కోర్నెల్, మళ్లీ కార్లైల్, పిట్స్‌బర్గ్, స్టాన్‌ఫర్డ్, టెంపుల్. గెలిచిన మ్యాచ్‌లు మూడు వందల పైచిలుకు.

మీ బాబు ఆడే లీగ్ 1929లో ఫిలడెల్ఫియాలో మొదలైంది. పెట్టింది జోసెఫ్ టామ్లిన్ అనే ఆయన. 1934లో దానికి వార్నర్ పేరు పెట్టారు. అప్పుడు వార్నర్ అదే ఊళ్లో టెంపుల్ యూనివర్సిటీకి కోచ్.

వరంగల్_వేణు:
అట్లాంటా నుంచి నేనూ ఒకటి కలుపుతాను అక్కా. మాకిక్కడ జార్జియా టీమ్ అంటే ప్రాణం. 1895లో జార్జియా, నార్త్ కరోలినా మ్యాచ్ అట్లాంటాలోనే జరిగింది. అప్పట్లో బంతిని ముందుకు విసరడం రూల్ ప్రకారం తప్పు. నార్త్ కరోలినా ఆటగాడు బంతిని తన్నబోయి, మీదపడుతున్న వాళ్లని చూసి కంగారులో ముందుకి విసిరేశాడు. వాళ్లవాడే పట్టుకుని పరిగెత్తి, అవతలి గోల్ గీత దాటించి పాయింట్లు కొట్టాడు, దాన్నే టచ్‌డౌన్ అంటారు. ఇది అన్యాయమని వార్నర్ మొత్తుకున్నాడు. నేను చూడలేదు అన్నాడు రిఫరీ. జార్జియా ఓడిపోయింది. ఇదంతా అంచున నిలబడి చూసింది ఎవరనుకున్నారు? జాన్ హైస్‌మన్. ఈ రోజు కాలేజీ ఫుట్‌బాల్‌లో అతి పెద్ద అవార్డు ఆయన పేరు మీదే ఉంది. ఈ కథ ఆయన తర్వాత రాసుకున్నదే. ముందుకి విసిరే పాస్‌ని రూల్స్‌లో చేర్చాలని ఆయన ఏళ్ల తరబడి పోరాడాడు.

ఆ మరుసటి ఏడు జార్జియా ఆడిన నాలుగూ గెలిచింది. అందులో ఒకటి హైస్‌మన్ కోచ్‌గా ఉన్న ఆబర్న్ కాలేజీ టీమ్ మీద.

వార్నర్ కోచ్‌గా చేసిన ఆ అయోవా వ్యవసాయ కాలేజీ టీమ్‌ని ఈ రోజుకీ "సైక్లోన్స్" అంటారు కదా, ఆ పేరూ 1895లో వచ్చిందే. వాళ్లు నార్త్‌వెస్టర్న్‌ని 36-0తో చిత్తు చేస్తే, తుఫాను వచ్చి కొట్టేసిందని షికాగో పేపరు రాసింది.

డ్రిల్_మాష్టారు:
నేను తెనాలి దగ్గర హైస్కూల్లో ముప్పై ఒక్క ఏళ్లు వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసి రిటైర్ అయ్యాను. మా అమ్మాయి దగ్గరికి వచ్చినప్పుడు ఈ ఆట టీవీలో చూశాను. మొదట్లో ఏమీ అర్థం కాలేదు. ప్రతి పది సెకన్లకీ ఆగుతుంది, అందరూ ఒకరి మీద ఒకరు పడతారు. మా అల్లుడు కూర్చోబెట్టి చెప్పాక దీంట్లో ఎంత లెక్క ఉందో తెలిసింది. కాబట్టి పాతపేజీలు గారిని ఒకటి అడుగుతాను. ఈయన గొప్పతనం గెలుపుల్లో ఉందా, ఆటనే మార్చాడా? గెలిచినవాళ్లు చాలామంది ఉంటారు.

పాతపేజీలు:
ఆటనే మార్చాడు మాష్టారూ. అప్పటి ఫుట్‌బాల్ అంటే మంద మీద మంద పడటమే. బరువైన వాళ్లంతా చేతులు పెనవేసుకుని ఒక గుంపుగా తోసుకుంటూ వెళ్లడం. 1905 ఒక్క సీజన్‌లోనే పద్దెనిమిది మంది దాకా కుర్రాళ్లు చనిపోయారు. ప్రెసిడెంట్ థియొడోర్ రూజ్‌వెల్ట్ పెద్ద కాలేజీల వాళ్లని పిలిచి మాట్లాడేదాకా వెళ్లింది. 1906లో రూల్స్ మార్చి, ముందుకి పాస్ విసరడాన్ని ఒప్పుకున్నారు. వేణు చెప్పిన ఆ 1895 సంగతి పదకొండేళ్లకి రూల్ అయింది.

వార్నర్ చేసింది ఏమిటంటే, బంతిని ఎవరి చేతికి ఇవ్వాలి, ఎవరు ఎక్కడ నిలబడాలి అన్నదాన్నే మార్చేశాడు. అంతకుముందు వెనక వరసలో నలుగురూ లైన్ (ఎదుటివాళ్లకి ఎదురుగా నిలబడే ముందు వరస) వెనకే గుత్తిగా ఉండేవాళ్లు. ఈయన ఒకణ్ణి లైన్ చివర, బయటి వైపు నిలబెట్టాడు. బంతి నేరుగా నాలుగైదు గజాల వెనకున్నవాడి చేతికి వచ్చేలా చేశాడు. వాడు పరిగెత్తొచ్చు, విసరొచ్చు, తన్నొచ్చు. ఎదుటివాడికి ఏది చేస్తాడో తెలియదు. దీన్ని "సింగిల్ వింగ్" అంటారు. రెండు చివర్లా ఒక్కొక్కణ్ణి పెడితే "డబుల్ వింగ్". అమెరికాలో పాతికేళ్లకు పైగా అందరూ ఆడింది ఇదే. ఈ రోజు టీవీలో క్వార్టర్‌బ్యాక్, అంటే ఆట నడిపించే ఆటగాడు, నాలుగు గజాల వెనక నిలబడి బంతి అందుకోవడం చూశారు కదా? దాని వేరు అక్కడే ఉంది.

డ్రిల్_మాష్టారు:
అర్థమైంది. కబడ్డీలో మేం కార్నర్‌లో బలమైనవాణ్ణి పెట్టేవాళ్లం. మా బడిలో ఒక ఏడు అందరూ సన్నగా పీలగా ఉన్న పిల్లలే వచ్చారు. బలంతో పట్టుకోలేరు. అప్పుడు రైడర్‌ని లోపలికి రానిచ్చి, వాడు తిరిగేలోపు చెయిన్ మూసేయడం నేర్పాను. నేర్పాను అంటున్నాను గానీ, ఇద్దరు పిల్లలు ఆడుకుంటుంటే చూసి అందరికీ చెప్పాను, అంతే. అందుకే అడుగుతున్నా, ఈయనకి ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చింది? బరువైన ఆటగాళ్లున్న చోట ఇలాంటివి పుట్టవు.

పాతపేజీలు:
సరిగ్గా అసలు చోటికి వచ్చారు. కార్లైల్ నుంచి వచ్చింది.

కార్లైల్ అనేది మామూలు కాలేజీ కాదు. పెన్సిల్వేనియాలో 1879లో రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే సైనికాధికారి పెట్టిన బోర్డింగ్ స్కూల్. అమెరికా ఆదివాసీ తెగల పిల్లలని వందల మైళ్ల దూరం నుంచి తెచ్చి అక్కడ పెట్టారు. జుట్టు కత్తిరించారు, పేర్లు మార్చారు, సొంత భాష మాట్లాడొద్దన్నారు. వాళ్లలోని ఇండియన్‌ని చంపి మనిషిని కాపాడాలి అన్నది ప్రాట్ బాహాటంగా చెప్పిన మాట.

ఒక కుర్రాడికి కాలు విరిగిందని ప్రాట్ అక్కడ బయటి టీములతో ఫుట్‌బాల్ ఆపేశాడు. కొన్నాళ్లకి నలభై మంది దాకా కుర్రాళ్లు ఆయన ఆఫీసుకి వచ్చి నిలబడ్డారు. వాళ్లలో మాటకారి ఒకడు ముందుకొచ్చి, ఎంతో మర్యాదగా, ఒక్కో వాదనా పేర్చి చెప్పాడట. ప్రాట్ రెండు షరతులతో ఒప్పుకున్నాడు: ఎదుటివాడు కొట్టినా మీరు చెయ్యెత్తకూడదు, రెండు మూడు నాలుగేళ్లలో దేశంలోనే పెద్ద టీములని ఓడించాలి. అంటే వార్నర్ రాకముందే ఆ టీమ్‌ని పుట్టించింది ఆ పిల్లలే.

వార్నర్ 1899లో వచ్చాడు. వాళ్లు బరువులో తక్కువ, వేగంలో ఎక్కువ. ఆ ఏడే కొలంబియాని 45-0తో కొట్టారు. క్రిస్మస్ రోజున శాన్ ఫ్రాన్సిస్కో దాకా వెళ్లి కాలిఫోర్నియాని 2-0తో ఓడించారు. ఊరూరా తిరిగే టీమ్ అది. సొంత మైదానంలో ఆడింది చాలా తక్కువ, ఎందుకంటే టికెట్ల డబ్బంతా పెద్ద ఊళ్లలోనే.

అమలాపురం_అమ్మాయి:
ఇది నేను అనుకున్న కథ కాదు. చదువుతుంటే ఒళ్లు జలదరించింది. చిన్నప్పుడు నేను చదివిన కాన్వెంట్‌లో తెలుగు మాట్లాడితే మెడలో పలక వేసేవాళ్లు. అదీ ఇదీ ఒకటి అనను, సాయంత్రం నేను ఇంటికి వెళ్లి అమ్మతో తెలుగే మాట్లాడేదాన్ని. ఆ పిల్లలకి ఇల్లే లేకుండా చేశారు.

మా వాడికి ఇప్పుడే అంతా చెప్పలేను. ఆట సంగతి ఏదైనా ఉంటే చెప్పండి, ముందు అది చెబుతాను.

వరంగల్_వేణు:
పిల్లాడికైతే 1903 హార్వర్డ్ మ్యాచ్ చెప్పాలి అక్కా. వాడు నిద్రపోడు.

సెకండ్ హాఫ్ మొదలు. హార్వర్డ్ వాళ్లు బంతి తన్నారు. కార్లైల్ క్వార్టర్‌బ్యాక్ జిమ్మీ జాన్సన్ తమ గోల్ గీతకి దగ్గర్లో పట్టుకున్నాడు. వెంటనే కార్లైల్ వాళ్లంతా అతని చుట్టూ గుంపుగా మూగారు. ఆ గుంపులో ఏం జరిగిందో బయటికి కనపడదు. ఒక్కసారి అందరూ విడిపోయి తలో దిక్కు పరిగెత్తారు, ప్రతివాడూ కడుపు దగ్గర బంతి దాచుకున్నట్టు వంగి. హార్వర్డ్ వాళ్లు ఒక్కొక్కణ్ణి పట్టుకుని పడేస్తున్నారు, ఎవరి దగ్గరా బంతి లేదు.

బంతి చార్లీ డిలన్ వీపు మీద, జెర్సీ లోపల ఉంది. ఆ జెర్సీ అడుగున స్కూల్ దర్జీతో ముందే ఎలాస్టిక్ కుట్టించి పెట్టాడు వార్నర్. డిలన్ రెండు చేతులూ ఖాళీగా ఊపుకుంటూ నేరుగా పరిగెత్తాడు. చివర్లో ఉన్న హార్వర్డ్ ఆటగాడు, వీడు నన్ను అడ్డుకోవడానికి వస్తున్నాడనుకుని పక్కకి తప్పుకున్నాడు! వంద గజాల పైన పరుగు. అప్పట్లో బంతి నేలకి ఆనించాలి, డిలన్ చెయ్యి వీపుకి అందదు కదా. జాన్సన్ వెనకాలే పరిగెత్తుకొచ్చి జెర్సీలోంచి బంతి లాగి నేలకి ఆనించాడు. జనం వీపు మీది ఉబ్బు చూసి ముందే నవ్వడం మొదలుపెట్టారట.

నిజాంపేట_నాని:
సూపర్! మరి మ్యాచ్ కార్లైల్ గెలిచిందా?

వరంగల్_వేణు:
లేదు తమ్ముడూ. 11-0 దాకా వెళ్లి, చివరికి 12-11తో ఓడారు. కానీ ఈ రోజుకీ అందరికీ గుర్తున్నది ఆ ఒక్క పరుగే. తర్వాత ఇలా బంతి దాచడాన్ని రూల్స్‌లో నిషేధించారు.

డ్రిల్_మాష్టారు:
వీపు మీద బంతి పెట్టుకుని చేతులూపుకుంటూ వంద గజాలు పరిగెత్తడానికి ఎంత గుండె ధైర్యం కావాలి! వెనక్కి తిరిగి చూశాడా దొరికిపోయేవాడు. ఎలాస్టిక్ కోచ్‌దే. ఆ నిబ్బరం మాత్రం డిలన్‌దే.

పాతపేజీలు:
మాష్టారు అన్నది అక్షరాలా నిజం. 1907 చూడండి. పాస్ విసరడానికి రూల్ వచ్చి ఏడాదే అయింది. పెద్ద కాలేజీలన్నీ దాన్ని అనుమానంగా చూస్తున్నాయి, ఎందుకంటే పాస్ ఎవరికీ తగలకుండా నేలపడితే శిక్ష గట్టిగా ఉండేది. వార్నర్ కోర్నెల్ నుంచి మళ్లీ కార్లైల్‌కి వచ్చాడు. ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీ మీద పీట్ హౌజర్ బంతిని మెలితిప్పుతూ పొడవుగా విసిరాడు. చూసేవాళ్లకి నోట మాట రాలేదు. 26-6తో గెలిచారు. ఆ సీజన్‌లో పది గెలిచి ఒకటే ఓడారు, హార్వర్డ్‌ని 23-15తో కొట్టి 1903 బాకీ కూడా తీర్చుకున్నారు.

ఆ ఏడాదిలోనే ఓక్లహోమాకి చెందిన శాక్ అండ్ ఫాక్స్ తెగ కుర్రాడొకడు పని బట్టలతో మైదానం పక్కగా పోతూ, హైజంప్ వాళ్లు దాటలేకపోతున్న కర్రని దాటేసి వెళ్లిపోయాడు. 5 అడుగుల 9 అంగుళాలు. మరునాడు వార్నర్ అతన్ని పిలిపించాడు. అతనే జిమ్ థోర్ప్.

నిజాంపేట_నాని:
థోర్ప్ నాకు తెలుసు! 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్ (ఐదు ఆటల పోటీ), డెకాథ్లాన్ (పది ఆటల పోటీ) రెండూ గోల్డ్. తర్వాత మెడల్స్ లాక్కున్నారు కదా?

పాతపేజీలు:
అవును. దానికి వచ్చేముందు 1911 చెప్పాలి. హార్వర్డ్ మీద కార్లైల్ 18-15తో గెలిచింది. ఆ 18లో నాలుగు ఫీల్డ్ గోల్స్, అంటే బంతిని తన్ని గోల్ కర్రల మధ్యగా పంపి కొట్టే పాయింట్లు, థోర్ప్‌వే. కాలికి కట్టుతో ఆడాడు. 1912 నవంబర్‌లో వెస్ట్ పాయింట్‌లో ఆర్మీ మీద, అంటే అక్కడి సైనిక అకాడమీ టీమ్ మీద, 27-6. ఆ రోజు ఆర్మీ తరఫున ఆడినవాళ్లలో డ్వైట్ ఐజన్‌హోవర్ ఉన్నాడు, తర్వాత ప్రెసిడెంట్ అయినాయన. మ్యాచ్‌కి ముందు వార్నర్ తన పిల్లలతో, మీ తాతలు, తండ్రులు యుద్ధం చేసింది వీళ్ల తాతలు, తండ్రులతోనే అని గుర్తుచేశాడని చెబుతారు. అమెరికా సైన్యం ఆదివాసీలని చంపిన వూండెడ్ నీ మారణకాండ జరిగి అప్పటికి ఇరవై రెండేళ్లే. డబుల్ వింగ్‌ని ఆ రోజు విప్పి చూపించారు. ఆర్మీ వాళ్లకి బంతి ఎటు పోతోందో తెలియలేదు.

ఇక మెడల్స్. 1909, 1910 వేసవుల్లో థోర్ప్ నార్త్ కరోలినాలో చిన్న చిన్న జీతాలకి బేస్‌బాల్ ఆడాడు. 1913 జనవరిలో ఒక పేపరు అది బయటపెట్టింది. ఒలింపిక్స్‌లో డబ్బు తీసుకున్నవాళ్లు ఆడకూడదు అన్నది అప్పటి నియమం. అభ్యంతరం ఏదైనా ముప్పై రోజుల్లో చెప్పాలని కూడా నియమం ఉంది, అప్పటికి ఆరు నెలలైంది. అయినా లాక్కున్నారు. తప్పని తెలియక ఆడాను అంటూ థోర్ప్ పేరుతో ఒక ఉత్తరం వెళ్లింది. నాకు ఆ బేస్‌బాల్ సంగతే తెలియదన్నాడు వార్నర్. ఇక్కడే నాకు ఆయన మీద గౌరవం సగం పోతుంది.

తెల్లకాగితం:
సగం మాత్రమేనా అండీ?

నేను హారిస్‌బర్గ్‌లో స్కూల్ టీచర్‌ని. కార్లైల్ మాకు అరగంట దూరం. మీరు "తెలియదన్నాడు" అని ఒక్క వాక్యంలో దాటేశారు. థోర్ప్ 1909లో స్కూల్ వదిలి వెళ్లిపోయాడు. 1911లో అతన్ని మళ్లీ రప్పించింది వార్నరే. ఆ రెండేళ్లూ ఎక్కడున్నావని అడగకుండానే రప్పించాడా? కార్లైల్ కుర్రాళ్లు ఇంకొందరు కూడా వేసవిలో అలా బేస్‌బాల్‌కి వెళ్లేవాళ్లు. వార్నర్‌కి, సూపరింటెండెంట్ ఫ్రీడ్‌మన్‌కి ముందే తెలుసన్నది చరిత్రకారుల్లో చాలామంది మాట. బయటపడేసరికి ఇద్దరూ తప్పుకుని, మొత్తం నింద ఆ కుర్రాడి నెత్తిన వేశారు. ఆ కుర్రాడు తన కోచ్‌ని నమ్మాడు. నాకు కోపం తెప్పించేది అదే.

1914 సంగతి ఎవరూ ఎత్తలేదు. థోర్ప్ గదిలోనే ఉన్న గస్ వెల్ష్, 1912 టీమ్ క్వార్టర్‌బ్యాక్, విద్యార్థులతో సంతకాలు చేయించి ప్రభుత్వానికి అర్జీ పంపాడు. అమెరికా కాంగ్రెస్ కమిటీ కార్లైల్‌కే వచ్చి విచారించింది. వార్నర్ బూతులు తిడతాడని, కుర్రాళ్ల మీద చెయ్యి చేసుకున్నాడని ఆటగాళ్లే సాక్ష్యం చెప్పారు. టికెట్ల డబ్బు ఎటు పోయిందన్న ప్రశ్న వచ్చింది. అథ్లెటిక్ ఫండ్ అని వేరే ఖాతా, అందులోంచి ఆటగాళ్లకి డబ్బులు, కోచ్‌కి ఇల్లు. ఫ్రీడ్‌మన్ ఉద్యోగం పోయింది. వార్నర్ 1915లో పిట్స్‌బర్గ్‌లో మంచి ఉద్యోగంలో కుదిరాడు. స్కూల్ 1918లో మూతపడింది.

పాతపేజీలు:
తెల్లకాగితం గారూ, మీ కోపం న్యాయమే. నేను పిట్స్‌బర్గ్ వాణ్ణి కాబట్టి కాస్త మెత్తగా రాశానేమో. ఒకటి మాత్రం ముందుంచుతాను. 1899లో వచ్చిన కొత్తలో ఆయన అలవాటు ప్రకారం మైదానంలో బూతులు తిడితే, కొందరు కుర్రాళ్లు ప్రాక్టీస్‌కి రావడం మానేశారు. ఎందుకని ఆరా తీస్తే, మమ్మల్ని ఎవరూ అలా తిట్టలేదన్నారు. ఆయన క్షమాపణ చెప్పి, మాట మార్చుకున్నానని తనే రాసుకున్నాడు. 1914 సాక్ష్యాలు చూస్తే ఆ మార్పు నిలవలేదు. గెలుపు మరిగాక పాత నోరు తిరిగొచ్చిందని నా అభిప్రాయం.

డ్రిల్_మాష్టారు:
నేను ఒక మాట చెప్పాలి. నా సర్వీసులో రెండుసార్లు పిల్లల మీద చెయ్యి చేసుకున్నాను. రెండుసార్లూ జిల్లా పోటీలకి ముందే, గెలవాలన్న తొందరలోనే. అందులో ఒకడు మళ్లీ గ్రౌండ్‌కి రాలేదు. వాడి పేరు, వాడు నిలబడే చోటు ఈ రోజుకీ గుర్తున్నాయి. వాడి ఇంటికి వెళ్లాల్సింది, వెళ్లలేదు. కాబట్టి తెల్లకాగితం గారు అడిగింది సరైన ప్రశ్న. ఆటకి ఏం కనిపెట్టాడన్నది ఒక లెక్క, ఆడిన పిల్లల పక్కన నిలబడ్డాడా లేదా అన్నది ఇంకో లెక్క. ఒకదాన్ని ఇంకోదానితో కొట్టేయకూడదు.

నిజాంపేట_నాని:
మాష్టారూ, మీ మాట చదివి కాసేపు ఏమీ టైప్ చేయలేకపోయాను.

పాతపేజీలు గారూ, మిగతా కెరీర్ కూడా చెప్పండి. కార్లైల్ పిల్లలు లేకుండా ఆయన ఏం చేశాడో తెలిస్తే కదా ఎవరి గొప్ప ఎంతో తేలేది.

పాతపేజీలు:
అదీ పాయింటే. పిట్స్‌బర్గ్‌లో మొదటి మూడేళ్లూ, 1915, 1916, 1917, ఒక్క మ్యాచ్ ఓడలేదు. 1918లో స్పానిష్ ఫ్లూ వల్ల సీజన్ కుదించుకుపోయింది. అప్పటికి హైస్‌మన్ జార్జియా టెక్ కోచ్. 1916లో కంబర్‌లాండ్ అనే చిన్న కాలేజీని 222-0తో కొట్టిన టీమ్ అది. 33 మ్యాచ్‌లుగా ఓటమి తెలియదు. వార్నర్ వాళ్లని 32-0తో ఓడించాడు. మా ఊరివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

స్టాన్‌ఫర్డ్‌తో 1922లోనే ఒప్పుకుని, పిట్స్‌బర్గ్ కాంట్రాక్ట్ పూర్తి చేశాకే 1924లో వెళ్లాడు. ముందు తన అసిస్టెంట్లని పంపి తన పద్ధతి నేర్పించాడు. 1925 రోజ్ బౌల్‌లో, అంటే కొత్త సంవత్సరంలో జరిగే పెద్ద కాలేజీ మ్యాచ్‌లో, నోటర్ డేమ్ యూనివర్సిటీ చేతిలో 27-10తో ఓటమి. ఆ మ్యాచ్‌లో ఎర్నీ నెవర్స్ విరిగి అతుక్కున్న చీలమండలతో ఆడాడు. వార్నర్ తన జీవితంలో థోర్ప్‌కి సాటిగా చెప్పిన ఆటగాడు నెవర్స్ ఒక్కడే. 1928 రోజ్ బౌల్‌లో పిట్స్‌బర్గ్‌నే 7-6తో ఓడించాడు. అటువైపు కోచ్ జాక్ సదర్లాండ్, వార్నర్ దగ్గర ఆడి నేర్చుకున్నవాడు.

ఆ తర్వాత యూఎస్‌సీ (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ) చేతిలో వరసగా ఐదేళ్లు ఓడి, విసిగి 1933లో టెంపుల్‌కి వెళ్లాడు. వెళ్లిన వెంటనే స్టాన్‌ఫర్డ్‌కి మంచి బ్యాచ్ వచ్చి వరసగా మూడు రోజ్ బౌల్స్ ఆడింది. టెంపుల్‌లో, రోజ్ బౌల్ లాంటిదే అయిన షుగర్ బౌల్ మొట్టమొదటిది ఆడి, 20-14తో ట్యులేన్ చేతిలో ఓడాడు. 1938తో ముగించాడు. 1951లో హాల్ ఆఫ్ ఫేమ్. 1954 సెప్టెంబర్ 7న కాలిఫోర్నియాలో పోయాడు. అంతకు ఏడాది ముందే, 1953లో, థోర్ప్ చేతిలో చిల్లిగవ్వ లేకుండా పోయాడు.

వరంగల్_వేణు:
అంటే కార్లైల్ లేకపోయినా గెలిచాడు. కాకపోతే గెలిచిన ఆయుధం మాత్రం కార్లైల్‌లో తయారైందే.

తెల్లకాగితం:
వేణు గారి మాట ఒప్పుకుంటాను.

నిన్న ఆదివారం మళ్లీ వెళ్లొచ్చాను, ఈ చర్చ వల్లే. ఆ స్కూల్ ఉన్న చోట ఇప్పుడు ఆర్మీ వార్ కాలేజీ ఉంది. రోడ్డు పక్కనే సమాధుల తోట. తెల్లరాళ్లు వరసగా, మిలిటరీ వాళ్ల సమాధుల్లా. దాదాపు 180 ఉండేవి. కొన్నిటి మీద పేరుంది, తెగ పేరుంది. కొన్నిటి మీద పేరే లేదు. రాళ్ల మీద చిల్లర నాణేలు, పూసలు, చిన్న బొమ్మలు పెట్టి వెళ్తారు జనం. 2017 నుంచి కొందరు పిల్లల అస్థికలని వాళ్ల తెగల వాళ్లు వచ్చి ఇంటికి తీసుకెళ్తున్నారు. అలాంటి చోట కొత్త గడ్డి రంగు తేడాగా ఉంటుంది. 2024 డిసెంబర్‌లో ఆ స్కూల్ స్థలాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు.

థోర్ప్, వెల్ష్ పరిగెత్తిన మైదానం కూడా ఆ ఆవరణలోనే ఉంది. దాన్ని ఇప్పటికీ ఇండియన్ ఫీల్డ్ అంటారు.

థోర్ప్ మెడల్స్ సంగతి నాని అడిగారు కదా. 1983లో ప్రతిరూపాలు ఆయన పిల్లలకి ఇచ్చారు. కానీ ఇంకొకరితో పాటు విజేత అని రాశారు. ఏకైక విజేతగా రాసింది 2022లో. నూట పదేళ్లు.

అమలాపురం_అమ్మాయి:
అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. రెండు రాత్రులుగా మా వాడికి కొంచెం కొంచెం చెబుతున్నాను. థోర్ప్ హైజంప్ చెప్పాను, డిలన్ వీపు మీద బంతి చెప్పాను. మెడల్స్ సంగతి చెప్పితే లేచి కూర్చున్నాడు. "మరి కోచ్ ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. నేను ఏదో అనబోయి ఆగాను. వాళ్ల నాన్న పక్క గదిలోంచి, "భయపడ్డాడు నాన్నా, పెద్దవాళ్లు కూడా భయపడతారు, కానీ చెప్పాల్సింది" అన్నారు. ఆటంటే గిట్టని మనిషి ఇదంతా తలుపు అవతల నుంచి వింటున్నారని నాకు అప్పుడే తెలిసింది.

ఈ శనివారం మొదటి మ్యాచ్. వాడు ఒక టీషర్ట్ తెచ్చి అడుగున ఎలాస్టిక్ కుట్టమన్నాడు. అలా దాచడం ఇప్పుడు రూల్ కాదురా అన్నాను. పైగా మీ వయసు వాళ్లకి దెబ్బలు తగులుతాయని 2016లోనే కిక్-ఆఫ్ (బంతి తన్ని ఆట మొదలుపెట్టడం) తీసేశారట, ఇంక గుంపుగా ఎక్కడ మూగుతావు అన్నాను. "మ్యాచ్‌లో కాదమ్మా, ఇంట్లో ఆడుకోవడానికి" అన్నాడు. కుట్టాను. ఇప్పుడు హాల్లో వాళ్ల నాన్న వెనకాల పరిగెడుతున్నారు, వీడు చేతులూపుకుంటూ ముందు.

డ్రిల్_మాష్టారు:
వెనక్కి తిరిగి చూడొద్దని చెప్పమ్మా వాడికి.